ఓరగా పడే ఎండ

నవనీత నోటుబుక్కు పోయింది సోమవారం నాడు, కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్లే పొద్దుటి బస్సులో.

పోగొట్టింది ఆమె కూతురు వందన. జిరాక్స్ తీయించాలని తీసుకెళ్తూ, సంచిలో పెడితే మూలలు నలుగుతాయని పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. దారిలో ఒక ముసలాయన ఎక్కి, కడ్డీ అందక ఊగుతుంటే లేచి చోటిచ్చింది. లేచేటప్పుడు పుస్తకాన్ని కిటికీకీ సీటుకూ మధ్య సందులో నిలబెట్టింది. జగిత్యాల బస్టాండులో తోపులాట మధ్య దిగి, కాలేజీ దారి పట్టి, జిరాక్స్ షాపు ముందుకు వచ్చాక గానీ తన చేతులు ఖాళీగా ఉన్నాయని ఆ పిల్లకు తెలియలేదు. వెనక్కి పరుగెత్తేసరికి బస్సు లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండా గడపలోనే నిలబడి చెప్పింది. తండ్రి చంద్రమౌళి వంటింటి ముందు పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. ఆమె చెప్పింది మొత్తం విన్నాడు. వింటూనే ఇంకో రెండు కాయలకు ఈనెలు తీశాడు.

"డిపోల అడిగినవా?"

"అడిగిన బాపూ. కండక్టర్ నంబరు తీసుకొని ఫోన్ గూడ చేసిన. సీట్లన్నీ చూసిండట. ఏం లేదన్నడు."

"సరే. కాళ్లు కడుక్కో. అన్నం తిందువు."

అంతకు మించి ఒక్క మాట అనలేదు. రాత్రి అనలేదు, మర్నాడు పొద్దున బడికి పోతూ అనలేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా సోషల్ పాఠాలు చెబుతున్నవాడు. నోరు తెరిస్తే ఏ మాట బయటికి వస్తుందోనని భయపడి మూసుకున్నాడు. కానీ ఆ భయం సంగతి ఎదురుగా ఉన్న పిల్లకు ఎలా తెలుస్తుంది? వందన ఆ రాత్రి రెండు ముద్దలు తిని లేచింది.

అది లెక్కలకు వాడే గళ్ల నోటుబుక్కు. అందులో నవనీత ఎడ్లగుట్ట మీది బొమ్మలు గీసింది. గుట్ట మీద బండలకు పాతకాలపు మనుషులెవరో రాతితో పొడిచి పొడిచి చెక్కిన ఎడ్లు, జింకలు, చేతులెత్తిన మనుషులు. గడికి వేలి మందం చొప్పున కొలిచి, ఏ బండ మీద, ఏ దిక్కుకు ఉన్నదో పక్కన రాసింది. చివరి బొమ్మ కింద నలభై ఒకటి అని అంకె ఉండేది. ఆమె పోయి ఎనిమిది నెలలయింది. ఇప్పుడు ఆ గుట్టను గ్రానైట్ క్వారీకి ఇవ్వబోతున్నారని, అభ్యంతరాలుంటే శుక్రవారంలోగా ఆధారాలతో ఇవ్వాలని బండమీదిపల్లె పంచాయతీ గోడకు నోటీసు అంటించారు. ఆ ఊరి పాత విద్యార్థి ఎవరో ఫోటో తీసి చంద్రమౌళికి పంపాడు. ఉన్న ఆధారమల్లా ఆ నోటుబుక్కే.

మంగళవారం ఒంటిపూట బడి వదలగానే చంద్రమౌళి స్టాఫ్‌రూములోంచి ఒక సుద్దముక్కల డబ్బా తీసి సంచిలో వేసుకున్నాడు.

బండమీదిపల్లె కోరుట్లకు దక్షిణంగా, గుట్టల నడుమ ఉంది. తారు రోడ్డు ఊరి దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి గుట్ట మొదటికి రెండు కిలోమీటర్ల బండ్లబాట, ఆ తర్వాత రాళ్ల మీద ఎక్కుడు. మోదుగులు పూసి రాలుతున్నాయి. స్కూటరు ఆపి, ఎప్పుడూ కూర్చునే టేకుచెట్టు వైపు అలవాటుగా రెండడుగులు వేసి ఆగాడు. నవనీత పైకి ఎక్కితే అతను ఆ చెట్టు కింద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేవాడు. "ఒక్కసారి పైకి రారాదుండ్రి" అనేది. "వచ్చే ఆదివారం" అనేవాడు. ఆ వచ్చే ఆదివారం ఈ మంగళవారమైంది.

సగం ఎక్కేసరికి గొర్ల మంద ఎదురైంది. వెనక కర్ర భుజాన పెట్టుకొని, గొంగడి నెత్తిన మడిచి వేసుకున్న ముసలామె.

"సారువు గదా నువ్వు! కిందనే కూసుండేటి సారువు" అంది నవ్వుతూ. "కొమురవ్వ అంటరు నన్ను. మీ ఆమెకు నేను మస్తు ఎర్క. ఏది బొమ్మలమ్మ? పోయిన ఎండకాలంల వచ్చి పోయింది, మళ్ల జాడనే లేదాయె. మీదికి పోదామని నేను రోజు చూస్తనే ఉన్న."

చంద్రమౌళి నిలబడ్డాడు. ఈ ఎనిమిది నెలల్లో ఆ మాట అతను ఎవరికీ చెప్పవలసి రాలేదు. అందరికీ వేరే ఎవరో ముందే చెప్పేశారు.

"ఆషాఢంల పోయిందవ్వా. గుండెజబ్బు" అన్నాడు.

కొమురవ్వ కర్రను భుజం మీది నుంచి దించి నేలకు ఆనించింది. ఒక గొర్రె పక్క పొదలోకి దూరుతుంటే అదిలించలేదు.

"ఒక్కరన్న చెప్పకపోతిరి నాకు" అంది చివరికి. "గిన్ని దినాలు నేను ఆమె మీద అలిగి ఉన్న."

ఆ తర్వాత వెనుదిరిగి, రమ్మనకుండానే పైకి నడిచింది. అతను వెంట వెళ్లాడు.

పైన బల్లపరుపు బండలు. మూడు గంటల ఎండ తెల్లగా కొడుతోంది. కొమురవ్వ ఒక బండ ముందు ఆగి "ఇగో, జంట" అంది. చంద్రమౌళికి బండ కనిపించింది, బండ మీద ఎండ కనిపించింది, ఇంకేమీ కనిపించలేదు.

"ఏది?"

"కండ్ల ముందటనే ఉన్నదాయె సారూ! పోరగాళ్లకు పాఠాలు ఎట్ల చెప్తవో ఏమో" అని అతని మణికట్టు పట్టుకొని వేళ్లను రాతి మీద పెట్టింది. గరుకు తగిలింది. ఆ గరుకు వెంట వేలు జరిపితే వంపు తిరిగింది. కొమ్ము. మూపురం. వీపు. చెక్కిన చోటు కూడా వేల ఏళ్ల ఎండకు బండ రంగులోకే మారిపోయింది. తడమాల్సిందే తప్ప చూసేందుకు లేదు.

సుద్దముక్క తీశాడు. బోర్డు మీద కనిపించని గీతను కనిపించేలా దిద్దడం అతని పని. వేలు ఎక్కడికి పోతే సుద్ద అక్కడికి పోయింది. రెండు ఎద్దులు తెల్లగా లేచి నిలబడ్డాయి. ఫోనుతో ఫోటో తీసుకున్నాడు.

కొమురవ్వ మొహం చిట్లించింది. "బొమ్మలమ్మ సుద్ద పట్టలే."

"లేకపోతే ఫోటోల పడవు అవ్వా."

"నాకేం ఎర్క. ఆమైతే పట్టలే. కూసుండేది. పొద్దు వాలేదాక కూసుండేది."

పొద్దు వాలకముందే పన్నెండు బొమ్మలు దిద్దాడు. దిగేటప్పుడు చొక్కా నిండా సుద్దపొడి. చాలాకాలానికి ఒక పని చేసినట్టు అనిపించింది.

బుధవారం మధ్యాహ్నం జగిత్యాలలో, ఆ ఫైలు చూస్తున్న ఆఫీసులో, అతని పన్నెండు ఫోటోలు బల్ల మీద పరిచి ఉన్నాయి. గుమాస్తా ఒకటి చేతిలోకి తీసుకొని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"మంచిగ గీసిండ్రు సార్. డ్రాయింగు సారా మీరు?"

"సోషల్."

"గదే. సుద్దముక్క పక్కనే ఉండె మీకు."

పక్క గదిలోంచి ఒక యువతి వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో సగం తాగిన టీ గ్లాసు. భాగ్యశ్రీ అట, గుట్టను తనిఖీ చేసి రిపోర్టు రాయవలసిన అధికారి ఆమే. ఫోటోలు వరసగా చూసింది. నవ్వలేదు. అది అతనికి ఇంకా కష్టంగా అనిపించింది.

"సార్, తప్పుగా అనుకోకుండ్రి. పోయిన నెల మావాళ్లు గుట్ట మీదికి పోయిండ్రు. పన్నెండింటికి చూసిండ్రు. 'చెక్కుళ్లు ఏవీ కనిపించలేదు' అని రాసిండ్రు. ఇప్పుడు మీరు తెచ్చినయి సుద్దతో గీసిన బొమ్మలు. గీసింది మీరే. పైవాళ్లు నన్ను అడిగితే నేనేం చెప్పాలె?"

"చెక్కుళ్ల మీదనే దిద్దిన మేడమ్. కనబడాలని."

"అట్ల దిద్దితే చెక్కుడు ఏదో, మీ గీత ఏదో నాకు తెల్వదు గద సార్."

తరగతిలో ఎవరైనా పిల్లవాడు అట్లాసు మీద పెన్నుతో నది గీసి "ఇగో సార్ గోదావరి" అంటే తాను ఏమనేవాడో, ఆమె అదే అంది.

"చదువుకునే రోజుల్లో నాకూ పాత రాళ్లంటే ఇష్టమే" అంది ఆమె, గొంతు కాస్త తగ్గించి. "శుక్రవారం నేనే వస్త. పదకొండున్నర, పన్నెండు అయితది. పొద్దున మీటింగుంది, మూడింటికి వేరే ఊరు. ఆ ఒక్క గంటనే. సుద్ద మాత్రం ఒక్క చుక్క ఉండొద్దు. ఉంటే చూడకుంటనే తిరిగి వస్త."

ఆఫీసు మెట్ల మీద నిలబడి చంద్రమౌళి ఆకాశం వైపు చూశాడు. ఆమె వచ్చేది సూర్యుడు నడినెత్తిన ఉండే గంటలో. నిన్న మూడింటి ఎండలోనే ఆ బండల మీద ఏమీ కనిపించలేదు, ఆ గంటలో అసలే కనిపించదు.

ఒక్క ఆశ మిగిలింది. నవనీత పుట్టిల్లు సిరిసిల్ల. తమ్ముడు రాజేశం దగ్గర ఆమె గీసినవేమైనా కాగితాలు ఉన్నాయేమో. ఫోనులో అడిగితే 'లేదు' అన్న మాట తొందరగా వచ్చేస్తుంది. అందుకని వేములవాడ బస్సెక్కి, అక్కడ మారి, ఐదింటికి సిరిసిల్లలో దిగాడు.

రాజేశం ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు నడుస్తున్నాయి. మరమగ్గాన్ని అక్కడ అంతా సాంచా అనే అంటారు. ఆ చప్పుడులో మాట వినబడదు. బావను చూసి రాజేశం చేత్తో 'కూర్చో' అని సైగ చేసి, ఒక్కొక్క సాంచా ఆపుకుంటూ వచ్చాడు. చివరిది ఆగాక వచ్చిన నిశ్శబ్దానికి చెవులు గుయ్యిమన్నాయి.

"అక్క కాగితాలా? లేవు బావా. అన్నీ ఆ బుక్కులనే. ఇంట్ల పెట్టెలన్నీ నిన్ననే దులిపి చూసిన."

"నిన్ననా?"

"వందన ఫోన్ చేసింది. ఏడ్చింది శానాసేపు. 'బాపు తిట్టుతలేడు మామా, తిడితే అయిపోతుండె' అన్నది." రాజేశం అతని వంక చూడకుండా బట్ట తాను భుజానికెత్తుకున్నాడు. "ఇగ నీ ఇష్టం. ఛాయ్ తాగు, ఈ తాను చూసేసి వస్త. సేటు మనిషి ఏడింటికి వస్తడు."

తానును ఏటవాలు బల్ల మీద పరిచి మెల్లగా లాగుతున్నాడు. లంగాలకు వాడే నల్ల బట్ట. పైన రేకుకు బల్బు వేలాడుతోంది గానీ అది ఆర్పేశాడు. బల్ల పక్కన, బట్ట మట్టానికి, గోడకు అడ్డంగా ఒక ట్యూబులైటు బిగించి ఉంది. అది వేశాడు. వెలుతురు బట్ట మీద నుంచి నీళ్లు జారినట్టు పక్క నుంచి పారింది. ఒకచోట చెయ్యి ఆగింది. చిన్న ముడి, దాని పక్కన దాని నీడ. కత్తెరతో తుంచి మళ్లీ లాగాడు.

చంద్రమౌళి టీ గ్లాసు కింద పెట్టాడు.

"లైటు గట్ల పక్కకెందుకు పెట్టినవ్ రాజేశం?"

రాజేశం నవ్వాడు. "మా ఇంటికి అల్లునివై ఇరవై ఐదేండ్లాయె. ఇయ్యాల అడుగుతున్నవా బావా! నెత్తి మీదికెళ్లి వెలుగు పడితే ఏ బట్టయినా మంచిగనే కనబడ్తది. తప్పు దొరకది. ఓరగ పడాలె. అప్పుడు పోగు తప్పిన కాడ నీడ లేస్తది. అక్కకు చిన్నప్పుడే వచ్చు గీ పని. మా బాపు తనకంటె ఆమె కండ్లనే నమ్మేటోడు."

పొద్దు వాలేదాకా కూర్చుండేది, అని కొమురవ్వ అన్న మాట చెవుల్లో మెదిలింది. నవనీత ఊరికే కూర్చోలేదు. పుట్టింటి బల్ల మీద నేర్చిన పద్ధతిలో, వెలుతురు పక్కకు వచ్చేదాకా ఆగింది.

"రాజేశం, మధ్యాహ్నం పన్నెండింటికి ఓరగ వెలుగు ఎట్ల తెస్తవ్?"

"షెడ్లనైతే బల్బు ఆర్పి, గీ ట్యూబులైటు వేస్త."

"గుట్ట మీద?"

రాజేశం బావ మొహంలోకి చూశాడు. తర్వాత నల్ల తానులోంచి ఆరు మీటర్లు కొలిచి, కత్తెర పెట్టి, చర్రున చింపాడు. "నెత్తి మీది ఎండను దీనితోని ఆర్పు. పక్క వెలుగు సంగతి నువ్వు చూసుకో. చదువుకున్నోనివి."

గురువారం బడి గేటు బయట వందన నిలబడి ఉంది. కాలేజీకి పోలేదు. రెండు చేతుల్లో రెండు ఐదులీటర్ల నీళ్ల డబ్బాలు, భుజాన సంచి.

"నేను గూడ వస్త బాపూ."

చంద్రమౌళి స్కూటరు స్టార్టు చేయబోయి, తాళంచెవి మీద చెయ్యి అలాగే ఉంచాడు. నాలుగు రోజులుగా వెతుకుతున్న మాట అతనికి అప్పుడు దొరికింది.

"ముసలాయనకు సీటిచ్చినవ్. మీ అమ్మ ఉన్నా గదే చేస్తుండె. బుక్కు పోతే పోయింది బిడ్డా. నేను నీతోని మాట్లాడకపోవుడే తప్పు."

వందన డబ్బాలు రెండూ నేల మీద పెట్టి చున్నీతో మొహం తుడుచుకుంది. తర్వాత ఒక డబ్బా ముందు, ఒకటి తన ఒళ్లో సర్దుకుంది.

గుట్ట మీద కొమురవ్వ తన పాత గొంగడి ముక్క ఇచ్చింది. "గిన్నెలు తోమినట్టు తోమకు. పసిపోరని ఒళ్లు తుడిచినట్టు తుడువు" అని వందనకు చెప్పింది. నీళ్లు పోసి, తడిపి, అద్ది, సుద్దను కరిగించారు. పన్నెండు బొమ్మల్లో ఏడో దాన్ని కడుగుతుంటే కొమురవ్వ నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"సారూ, గిదేంది? కుంటెద్దుకు నాలుగు కాళ్లు సక్కగ పెట్టినవ్?"

సుద్ద పోయాక వేలితో తడిమి చూశాడు. నిజమే. వెనక కాలు ఒకటి పొట్టిగా, నేలకు అందకుండా చెక్కి ఉంది. ఎద్దంటే నాలుగు కాళ్లుంటాయని తన చెయ్యి తానే పూర్తి చేసేసింది. వేల ఏళ్ల కింద ఎవరో తన మందలోని ఒక కుంటి ఎద్దును గుర్తుపెట్టుకొని చెక్కితే, తాను ఒక్క సుద్దగీతతో దాన్ని నయం చేశాడు.

"ఆఫీసుల మేడమ్ అన్నది నిజమే" అన్నాడు.

వందన సంచిలోంచి కొత్త గళ్ల నోటుబుక్కు తీసింది. పొద్దు వాలుతోంది. ఎండ బండల మీద ఓరగా పరుచుకునే కొద్దీ, ఎవరూ ఏమీ చేయకుండానే, బొమ్మలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఎడ్లు, ఎడ్ల వెనక దూడ, కొమ్ములు విప్పిన దుప్పి. వందన వేలు పెట్టి కొలుస్తోంది, గళ్లు లెక్కపెడుతోంది, నాలుక పళ్ల మధ్య పెట్టుకొని గీస్తోంది. ఆ నాలుక అలా పెట్టడం ఎవరిదో అతనికి తెలుసు.

"ఎన్ని ఉన్నయవ్వా మొత్తం?" అడిగింది వందన.

"అంకెలు నాకు రావు బిడ్డా. గొర్లను గూడ నేను లెక్కపెట్ట. మాపటీలి దొడ్లె తోలేటప్పుడు ఒక్కొక్కదాన్ని తలుసుకుంట. నల్లమూతిది వచ్చిందా, చెవి తెగినది వచ్చిందా, ఎగిరేది వచ్చిందా? తలుసుకుంటె రానిదేదో ఎర్కయితది."

"అయితే గిట్లనే తలుసుకో. నేను రాసుకుంట."

కొమురవ్వ బండ మీద కూర్చుని, కళ్లు మూసుకొని, మందను దొడ్డిలోకి తోలినట్టు ఒక్కొక్కటే పిలిచింది. జంట. కుంటెద్దు. సూడి జింక. చేతులెత్తినోడు. తల్లి వెనుక దూడ. విరిగిన కొమ్ముది. మెడ తిప్పి చూసేది... వందన పెన్ను వెంటబడి నడిచింది. ఒక్కచోట ముసలామె ఆగి, వేళ్లు ఆడించి, "ఆఁ, ముండ్ల పొద కిందిది. దాన్ని మరిస్తె అలుగుతది" అని మళ్లీ అందుకుంది.

ముప్పై ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

"ఇంక మూడు ఉండాలవ్వా. అమ్మ బుక్కుల నలభై ఒకటి."

"నాకు ఎర్కున్నయి గివే. మా మామ చూపిచ్చిండు నాకు, నేను బొమ్మలమ్మకు చూపిచ్చిన." కళ్లు తెరిచింది. "ఆఖర్లసారి వచ్చినప్పుడు ఆమె ఒక్కతే అటు బోయింది. నేను మందను కిందికి తోలిన. 'కొమురవ్వా, నాకు మూడు దొరికినయ్, నువ్వు గూడ చూడలే గవి' అని మీదికెళ్లి ఒర్లింది. మళ్లొచ్చినప్పుడు చూపిస్త అన్నది."

గాలి వీచింది. గొంగడి అంచు కదిలింది.

దిగే ముందు వందన సంచిలోంచి చేతి అద్దం తీసి మిగిలిన ఎండను బండ మీదికి కొట్టి చూసింది. అరచేయంత వెలుగు పడింది. ఆ అరచేయంత మేరా గీతలు లేచాయి. తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గిది చాలది" అంది వందన. ఆగి, "అమ్మ అద్దం పెద్దది" అంది.

ఇంట్లో నవనీత డ్రెస్సింగ్ టేబులు అద్దం, నిలువుగా మూడడుగులు. చంద్రమౌళి స్క్రూడ్రైవరుతో మరలు విప్పాడు. అద్దం కుడి అంచున, ఆమె తీసి అంటించిన బొట్టుబిళ్లలు, చిన్నవి మూడు, అలాగే ఉన్నాయి. వందన ఒకదాని అంచు కింద గోరు పెట్టబోయింది.

"ఉండనియ్" అన్నాడు.

శుక్రవారం సెలవు పెట్టాడు. అద్దాన్ని దుప్పట్లో చుట్టి ఇద్దరూ చెరో కొసా పట్టుకొని, కొమురవ్వ ముందు నడుస్తూ "ఎడమకు, రాయి ఉన్నది... మెల్లగ, పెండ్లిపిల్ల లెక్క" అంటుంటే గుట్ట ఎక్కించారు. పన్నెండుకు పది నిమిషాలు ఉందనగా భాగ్యశ్రీ వచ్చింది. మొహం ఎర్రబడి, బూట్లకు పల్లేర్లు అంటుకొని ఉన్నాయి. నీళ్లు తాగి, బండల మీద తిరిగి చూసింది. వంగి చూసింది. ఎండ నడినెత్తిన సుత్తిలా కొడుతోంది.

"సుద్ద లేదు" అంది. "కానీ సార్, ఇంకేం గూడ లేదు."

"ఒక్క నిమిషం మేడమ్."

నాలుగు కర్రలు పాతి, రాజేశం ఇచ్చిన నల్ల బట్టను బండ మీద పందిరిలా కట్టారు. లోపల మసకయింది. వందన పందిరి అంచుకు ఎండలో మోకాళ్ల మీద కూర్చుని అద్దాన్ని నేలకు ఆనించి, అటూ ఇటూ తిప్పింది. వెలుగు మొదట కొమురవ్వ పాదాల మీద పడింది, బట్ట మీదికి ఎగిరింది, చివరికి కిందికి వాలి బండ మీద పక్క నుంచి పారింది.

కుంటెద్దు లేచింది.

కొమ్ములు, మూపురం, పొట్టిగా తేలిన వెనక కాలు, ప్రతి పొడుపుకూ ఒక నీడ. భాగ్యశ్రీ "అరే" అంది. ఆ మాట అధికారిది కాదు. మోకాళ్ల మీద కూర్చుంది. చెయ్యి చాపి, అడిగినట్టుగా చంద్రమౌళి వంక చూసింది. అతను తల ఊపాడు. వేలు కాలి దగ్గర ఆగింది.

"కాలు విరిగిందా దీనికి?"

"కుంటిది బిడ్డా" అంది కొమురవ్వ. "అయినా మందల ఉన్నది చూడు."

ఆమె ఫోనుతో ఫోటోలు తీసింది, టేపుతో కొలిచింది, పలక మీద కాగితం పెట్టి రాసుకుంది. మధ్యలో తలెత్తింది. "సార్, మూపురం పైన గీ మూడు చుక్కలేంది? ఇవి గూడ చెక్కినయేనా?"

రాతి మీద వెలుగులో మూడు చిన్న మసక నీడలు, వరసగా. వందన అద్దం కొంచెం కదిలించింది. చుక్కలూ కదిలాయి.

"కాదమ్మా" అన్నాడు చంద్రమౌళి. "అవి నా భార్య బొట్లు. అద్దానికి ఉన్నయి."

భాగ్యశ్రీ రాస్తున్న పెన్ను ఆపింది. తర్వాత ఆ చుక్కలు పడని చోటు నుంచి ఇంకో ఫోటో తీసుకుంది. అద్దాన్ని బండ బండకూ మోస్తూ, పందిరి విప్పి కడుతూ, వాళ్లు పద్నాలుగు బొమ్మలు చూపారు. రెండున్నర దాటింది. మూడింటి ఊరికి ఆమె ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పింది. మిగిలిన వాటి పేర్లను, గీసినన్ని బొమ్మలను వందన కొత్త నోటుబుక్కులోంచి రిపోర్టుకు జతచేయడానికి ఫోటోలు తీసుకుంది.

"చూపించినవారు అని ఒక గడి ఉన్నది సార్. మీ పేరు రాస్తున్న."

"నా పేరు వద్దు. నేను కిందనే కూసున్నోన్ని" అన్నాడు చంద్రమౌళి. "కొమురవ్వ పేరు రాయుండ్రి."

"నాదా?" కొమురవ్వ గొంగడి సర్దుకుంది.

భాగ్యశ్రీ స్టాంపుప్యాడు తీయబోతే ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది. "వేలిముద్ర ఎందుకు? రాత్రిబడికి పోయిన నేను. అంకెలు రాలే గని పేరు వచ్చింది." పలకను ఒళ్లో పెట్టుకొని, పెన్నును కర్ర పట్టుకున్నట్టు పట్టుకొని, నాలుగక్షరాలు రాయడానికి ఆమె తీసుకున్నంత సేపూ ఎవరూ కదలలేదు. వందన చేతిలోని అద్దం వెలుగు కాగితం మీద పడి వణికింది.

"పురావస్తు శాఖ వాళ్లు వచ్చి చూసేదాక ఫైలు ముందుకు పోవద్దని రాస్త" అంది భాగ్యశ్రీ లేస్తూ. "నా చేతిలున్నది గంతే. తర్వాత పైవాళ్ల ఇష్టం. వాళ్లు వచ్చినప్పుడు మొత్తం లిస్టు కావాలె. ఎన్ని సార్?"

"నలభై ఒకటి."

"ఇందులో ముప్పై ఎనిమిదే ఉన్నయి."

"అవునమ్మా. వెతుకుతం."

ఆమె దిగిపోయాక వందన అద్దాన్ని దుప్పట్లో చుట్టింది. కొమురవ్వ మంద వైపు నడిచింది. చంద్రమౌళి కిందికి, టేకుచెట్టు వైపు చూశాడు. ఇంత పై నుంచి అది చాలా చిన్నగా ఉంది. తర్వాత తిరిగి, నవనీత చివరిసారి ఒంటరిగా వెళ్లిన పడమటి బండల వైపు వెళ్లి కూర్చున్నాడు. పొద్దు వాలడానికి ఇంకా రెండు గంటలుంది.

ఆ రోజు ఏమీ కనిపించలేదు. తర్వాతి ఆదివారం కూడా కనిపించలేదు. క్వారీ ఫైలు ఆగి ఉంది. పురావస్తు శాఖ వాళ్లు ఇంకా రాలేదు. బస్సులో పోయిన పుస్తకం దొరకలేదు. వందన నోటుబుక్కులో ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి అని అంకెలు వేసిన మూడు పేజీలు ఖాళీగా ఉన్నాయి.